అరువు తెచ్చుకున్న పండుగ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యుత్ రంగంలో నా అనుభవాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినారు. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి భోజనానికి ముందు మాట్లాడితే మీరు ఆకలితో తిట్టుకుంటారు, భోజనం తరువాత మాట్లాడితే నిద్రపోతారు. అందుకని ఇంకో సంగతి ఎంచుకున్నాను. ఇది డిసెంబరు నెల. వారం పది దినాల్లో క్రిస్మస్. మా చిన్నప్పుడు మా పల్లెలో ఆ పండుగ ఎట్ల జరిగేదో చెబుతాను. ఇక్కడున్న చాలామందికి అది మీ పండుగ కాదు. అయినా అందులో మీ ఇండ్లనుంచి వచ్చిన వస్తువులు ఉండేవి. నేను చెప్పదలచుకున్నది ఆ వస్తువుల సంగతే. కొంచెం ఇంజనీరింగు కూడా ఉందిలెండి.

మా పల్లె మీలో కొందరికి తెలుసు. పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో రెండు మైళ్ళు పోయి పక్కకు తిరిగితే ముందు ఊరు వస్తుంది. ఊరు దాటి, వంక దాటితే మా పల్లె. ముప్పై నలభై ఇండ్లు, నడుమ గుడి. చర్చి అనే మాట మాకు బడికి వచ్చినాక తెలిసింది. మేము గుడి అనే అంటాము, ఇప్పటికీ. పెంకుల కప్పు, మట్టి నేల, ముంగిట ఒక గంట.

మన దిక్కు పాత సంఘాలు చాలావరకు ఆర్కాటు మిషన్ వాళ్ళు పెట్టినవి. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళు 1853లో మొదలుపెట్టిన మిషన్ అది. ఆ మిషన్‌కు చెందిన జేకబ్ ఛాంబర్లేన్ అనే వైద్యుడు 1860లలో మదనపల్లెకు వచ్చి, జీవితమంతా ఈ సీమలో పనిచేసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూసినాడు. తెలుగు బాగా నేర్చినవాడు. తెలుగు బైబిలు సవరణలో ఆయన చెయ్యి ఉంది. కొత్త చోటికి పోతే ముందు ఒక తెలుగు కీర్తన ఎత్తుకుని జనాన్ని పోగుచేసేవాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ గుడులన్నీ అందులో కలిసినాయి. నేను పుట్టేనాటికి మా పల్లెలో దొరల జాడ ఏమీ లేదు. వాళ్ళు గంట ఇచ్చిపోయినారు, పుస్తకం ఇచ్చిపోయినారు. మిగతా పండుగంతా మేము చుట్టుపక్కల నుంచి అరువు తెచ్చుకున్నదే.

మా దిక్కు డిసెంబరంటే చెనిక్కాయలు పెరికి, కొట్టి, అమ్ముకున్న కాలం. చేతిలో నాలుగు డబ్బులు ఆడే నెల అదొక్కటే. అందుకే కొత్త గుడ్డలు ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కే. మా నాయన పుంగనూరు అంగట్లో ఒకే తానులో చింపించి దర్జీకి ఇచ్చేవాడు. అన్నదమ్ములు నలుగురికీ ఒకే రంగు చొక్కా. వాన మొహం చాటేసిన సంవత్సరం ఆ తానూ లేదు. పాత చొక్కాలకు కొత్త గుండీలు కుట్టించుకుని గుడికి పోయినాము.

పండుగ పది దినాలుందనగా సున్నం కొట్టడం మొదలు. గోడకు సున్నం, అరుగుకు ఎర్రమన్ను, వాకిట పేడనీళ్ళు. ముగ్గు వెయ్యొచ్చునా, కూడదా అని ఒక అయ్యగారు అనుమానం లేవదీసినారు. మా జేజి తల ఎత్తకుండా, "చుక్కను చూసుకోనే కదా సామీ జ్ఞానులు వచ్చింది" అని ఐదు మూలల చుక్క వేసేసింది. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు.

ఆ చుక్క సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా చదువు అక్కడ మొదలయింది. వెదురు చీల్చి ఒకే పొడుగున పది దబ్బలు తీయాల. ఐదింటితో ఒక చుక్క, ఐదింటితో ఇంకొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలనూ పురికోసతో బిగించాల. తరువాత లోపల దబ్బలు ఒకదాన్నొకటి దాటే ఐదు కూడళ్ళ దగ్గర జానెడు పుల్లలు అడ్డంగా నిలబెట్టాల. అప్పుడు ముందు చుక్క ముందుకు, వెనక చుక్క వెనక్కు ఉబ్బి నడుమ దీపానికి చోటు వస్తుంది. ఏ ముడీ వదులుగా ఉండకూడదు. ఒక్క దబ్బ అర అంగుళం ఎక్కువైతే చుక్క మొత్తం మెడ వాల్చేస్తుంది. కాలేజీలో ట్రస్సు గురించి చెప్పినప్పుడు నాకది కొత్తగా అనిపించలేదు. పైన గాలిపటం కాగితం, మైదా జిగురు. జిగురులో కొంచెం మైలుతుత్తం కలపకపోతే తెల్లారేసరికి బొద్దింకలు పండుగ చేసుకుంటాయి.

వెదురు చీల్చి ఇచ్చేది పుంగనూరులో ఒక మేదరాయన. డబ్బులు ఇస్తే తీసుకునేవాడు కాదు. పండుగ తరువాత నిప్పట్లు, కజ్జికాయలు తీసుకుపోయి ఇవ్వాల. చుక్కను ఎత్తు గడకు కట్టి పైకి లాగడానికి గిలక కావాల కదా, నూనె పోయడానికి మళ్ళీ దించాల కదా. ఆ గిలక ఊళ్ళో ఒక రైతు బావిది. మోటరు పెట్టించుకున్నాక ఆయనకు గిలకతో పని లేదు. అయినా ఏటా అడిగే తెచ్చుకునేవాళ్ళం, ఏటా తిరిగి ఇచ్చేవాళ్ళం. ఉంచేసుకోండి అని ఆయన ఎప్పుడూ అనలేదు, మేమూ ఆశపడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఉంచేసుకోమని అనకపోవడమే మంచిదయింది.

ఇంక పెట్రోమాక్స్ లైటు. అది ఈ బడిది. సైన్సు గది బీరువాలో రెండు ఉండేవి. ఎలక్షన్లకు, వార్షికోత్సవానికి బయటికి తీసేవారు. డిసెంబరు 24 రాత్రి వాటిలో ఒకటి మా పల్లెకు వచ్చేది. హెడ్మాస్టరు గారు నోటిమాట ఒప్పుకునేవారు కాదు, రాతమూలకంగా దరఖాస్తు ఇవ్వాల. మా సంఘ పెద్దకు సంతకం వచ్చు గానీ దరఖాస్తు రాదు. ఏడో తరగతి నుంచి అది నా పని. నా ఉద్యోగ జీవితంలో వేలకొద్దీ ఉత్తరాలు రాసినాను, అంత శ్రద్ధగా ఇంకేదీ రాయలేదు. లైటు వెలిగించడం నేర్పించింది అప్పటి అటెండరు. గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి, గొట్టం బాగా కాగినాకే పంపు కొట్టాల. తొందరపడితే కిరసనాయిలు ఆవిరి కాకుండానే చిమ్ముతుంది, మంట కప్పుదాకా లేస్తుంది. మేంటిల్ ఒకసారి కాలినాక అది ఉత్త బూడిద గూడు. దాన్ని తలమీద మోసేవాడు రాత్రంతా కాలికి రాయి తగలకుండా నడవాల. పాటగాళ్ళకంటే ఆ మోసేవాడికే పల్లెలో మర్యాద ఎక్కువ.

పండుగ రాత్రి గుడి ముందర నాటకం. మన దిక్కు ఎండాకాలంలో భారతం జరగడం మీకందరికీ తెలుసు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఊళ్ళో ఆ నాటకం కట్టేవాళ్ళ దగ్గర కిరీటాలు, భుజకీర్తులు ఉండేవి. మా హేరోదు రాజుకు దుర్యోధనుడి కిరీటం. ఒక సంవత్సరం ఊళ్ళో దుర్యోధనుడి వేషం వేసే ఆయనే కిరీటం పట్టుకుని వంక దాటి వచ్చినాడు. "ఇస్తా గానీ, కట్టేది మీకు రాదు. పోయినసారి కుచ్చులు తెగ్గొట్టినారు" అన్నాడు. కట్టి ఊరుకున్నాడా? హేరోదు నడక చూసి, "రాజు అట్ల నడస్తాడా? భూమి అదరాల" అని తానే నడిచి చూపించినాడు. ఆ రాత్రి మా హేరోదు తొడకొట్టినాడు. బైబిలులో ఎక్కడా అట్ల లేదు.

గొర్రెలు ఊళ్ళో మంద నుంచి వచ్చేవి. నాలుగు గొర్రెలు ఇచ్చి ఇంటికి పోవడానికి ఆ కాపరికి మనసొప్పదు, వాటితోపాటు తానూ నిలబడేవాడు. వేషం అక్కరలేదు, కంబళీ కట్టే ఆయనవే. దేవదూత కనబడగానే భయపడి కూలబడాలని మా అయ్యగారు చెప్పినారు. "ఆ పిలగోడు దినామూ నా మందకాడ తిరిగేవాడే, వాణ్ణి జూసి నేను బయపడాల్నా?" అన్నాడు ఆయన. పడలేదు. పాకలో కట్టడానికి ఎవరింటిదైనా పుంగనూరు దూడ దొరికితే మా అదృష్టం. పెరిగిన ఆవే మీటరు ఎత్తు ఉండని జాతి, పిల్లలం కట్టిన పాకలో దాని దూడ సుఖంగా పట్టేది. అప్పటికే ఆ జాతి అరుదు. జెర్సీ దూడను పెట్టిన సంవత్సరం అది లేచి నిలబడి పాకను ఎత్తుకుపోయింది.

ఇవన్నీ ఊరినుంచి, బడినుంచి వచ్చేవి. వంట పాత్రలు మాత్రం వచ్చేవి కావు. ఎందుకో నేను చెప్పక్కరలేదు. లైటుకు అంటు లేదు, కిరీటానికి అంటు లేదు, గిలకకూ లేదు. అన్నం వండే గుండిగకు ఉండింది. గుండిగల కోసం పుంగనూరులో బాడుగ అంగడికి పోయేవాళ్ళం. మేము ఊళ్ళోకి పంపేది టెంకాయ, అరటిపండ్లు, చక్కెర. వండినవి పంపే ఆనవాయితీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాల. అరువు, అరువు అంటున్నాను గానీ, రెండు వైపులా దానికి ఒకే పేరు లేదు. ఊరి జాతరకు మా వాళ్ళు పోయి తప్పెట కొట్టేవాళ్ళు. ఊరు మాకు ఇస్తే అది దయ, మేము ఊరికి ఇస్తే అది ఆనవాయితీ. తప్పెట కోసం మా పల్లెకు ఎవరూ దరఖాస్తు రాయలేదు. పాతకాలపు క్రిస్మస్ ఎంత బాగుండేదో అని ఎవరైనా అంటే నాకు ముందు ఈ మాట గుర్తుకు వస్తుంది. అందుకే ఆ కాలం మళ్ళీ రావాలని నేను కోరుకోను.

పాటలకు వస్తాను. మా పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో ఇంగ్లీషు మెట్టుకు తెలుగు మాటలు అమర్చినవి కొన్ని, పురుషోత్తమ చౌదరి గారివంటి మన కీర్తనలు కొన్ని. మన కీర్తనలకు నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. మా పల్లెలో వాటిని చూసి పాడినవాళ్ళు ఎవరూ లేరు. మా జేజి తరంవాళ్ళకు చదువు రాదు. వాళ్ళకు పాట గొంతులో ఉండేది. పుస్తకంలో ఒక రాగం పేరు ఉంటుంది, వాళ్ళు పాడేది ఇంకొకటి. అది ఎక్కడిదని చాలా ఏండ్లు ఆలోచించినాను. డిసెంబరు సగం దాటితే ధనుర్మాసం. తెల్లవారుజామున వంకకు అవతల ఊరి భజన, ఇవతల మా మేల్కొలుపు. వాళ్ళకు తాళాలు, మాకు కంజిర. కొన్ని పాటలు వంకకు రెండు పక్కలా ఒకే మెట్టులో నడిచేవి. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పలేము. దానికి దరఖాస్తు లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు.

ఈ బడిలోనే ఇంకో అరువు ఉండేది. ఏటా సార్లు క్షయ నివారణ బిళ్ళలు ఇచ్చి అమ్ముకురమ్మనేవారు, గుర్తుందా? తపాలా బిళ్ళలాంటివి. దాని కథ నాకు పెద్దయినాక తెలిసింది. డెన్మార్కులో ఐనార్ హోల్‌బోల్ అనే పోస్టాఫీసు ఉద్యోగి, క్రిస్మస్ ఉత్తరాల మీద ఒక బిళ్ళ అదనంగా అంటిస్తే ఆ డబ్బు క్షయ రోగపు పిల్లలకు పోతుంది కదా అని ఆలోచించినాడు. మొదటి బిళ్ళ 1904లో వచ్చింది. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి తెరిచినప్పుడు దాని మొదటి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ కూడా డెన్మార్కువాడే. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను. అమ్ముడుపోని బిళ్ళలను మాత్రం మేమే కొనుక్కుని మా చుక్క నడుమ అంటించేవాళ్ళం.

24 రాత్రి పాటల గుంపు బయలుదేరుతుంది. ముందర లైటు, వెనక కంజిర, హార్మోనియం మెడకు తగిలించుకున్న ఒకాయన, కంబళ్ళు కప్పుకున్న మేము. మదనపల్లె, పుంగనూరు మెరక భూములు, మన చలి మీకు తెలుసు. పల్లెలో ఇంటింటి ముందర ఒక పాట. ఆ ఇంటివాళ్ళు వేడి కాఫీయో, చెనిక్కాయలో ఇస్తారు. చివర వంక గట్టు మీదికి వచ్చి, ఊరి వైపు తిరిగి ఒక పాట పాడి వెనక్కు మళ్ళుతాము. వంక దాటేది లేదు. అది ఎవరు పెట్టిన కట్టడో నాకు తెలియదు. మా నాయనకూ తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన లెక్కల సారు ఊళ్ళో బాడుగకు ఉండేవారు. ఆ రాత్రి టార్చిలైటు వేసుకుని వంకలో దిగి గట్టు ఎక్కి వచ్చినారు. "గట్టు మీద పాడితే నాకేం వినబడుతుంది? లైటు మన బడిది, దరఖాస్తు నా శిష్యుడిది. నా వాకిట్లోకి వచ్చి పాడండి" అన్నారు. మా సంఘ పెద్ద చేతులు కట్టుకుని చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "అయివారూ, మీరు బాడుగకు ఉండారు. మేము ఈడనే ఉండాల." సారు ఇంకేమీ మాట్లాడలేదు. గట్టు మీద మా పక్కన నిలబడి పాట పూర్తిగా విని పోయినారు.

మరుసటి సంవత్సరం సారు ఒక్కరే రాలేదు. గొర్రెల కాపరినీ, దుర్యోధనుణ్ణీ వెంటబెట్టుకుని వచ్చినారు. ఆ ఇద్దరూ బాడుగవాళ్ళు కారు. మాట్లాడింది దుర్యోధనుడే. "మా కిరీటం మీకాడికి వస్తాది, మీ పాట మాకాడికి రాదా?" అన్నాడు. మా పెద్ద చాలాసేపు లైటు వైపు చూసినాడు. తరువాత కంజిర ఆయనను చూసి తల ఊపినాడు. వంక దాటినాము. ఊరి నడివీధిలో ముగ్గురి వాకిళ్ళలో మూడు పాటలు. తక్కిన తలుపులు మూసి ఉన్నాయి. చలికి మూసినవో, ఇంకెందుకు మూసినవో. తెల్లవారి ఏదైనా జరుగుతుందేమోనని మా నాయన గుడికి రాకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. నేను ఇంజనీరింగుకు పోయేనాటికి మూడు వాకిళ్ళు ఏడయినాయి. ఆ తరువాత కొన్నేండ్లకు దుర్యోధనుడి ఇంటినుంచి మొదటి గుండిగ వచ్చింది. అందులో పితికిపప్పు, మాంసం కలిపి వండినారు. డిసెంబరంటే అనపకాయల కాలం కదా, ఆ కూర లేని పండుగ మన జిల్లాలో ఏ మతంలోనూ ఉండదు. గుండిగను మూడుసార్లు తోమించి పంపింది మా అమ్మ. మూడుసార్లు ఎందుకని నేను అడగలేదు.

పండుగ మరుసటి దినం మేము కుప్పం పోయేవాళ్ళం, మా చిన్నమ్మ ఇంటికి. పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. చిన్నాయనకు కోలారు బంగారు గనుల్లో పని. శివసముద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చుకున్న చోటు అది. మా పల్లెకు కరెంటు నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చింది. దాన్ని నమ్మి పండుగ చేసే ధైర్యం రావడానికి ఇంకో పదేండ్లు పట్టింది. ముప్పై ఏండ్లు ఆ రంగంలో పనిచేసినవాణ్ణి, ఈ మాట నేను అనవచ్చు. కుప్పంలో ఒకే గుంపు ఒక ఇంటి ముందర తెలుగు, పక్కింటి ముందర అరవం, ఆ పక్కన కన్నడం పాడేది. చిన్నమ్మ ఇంట్లో కేకు ఉండేది. వాకిట అంగట్లో కొన్న నక్షత్రం, లోపల బల్బు. స్విచ్చి వేస్తే చాలు. నేను మూడుసార్లు వేసి ఆర్పినాను. ఇంటికి వచ్చినాక మా చుక్క నాకు కొంచెం మొరటుగా కనబడింది, నిజమే చెబుతున్నాను. 2001లో గనులు మూతపడినాయి. చిన్నమ్మ కొడుకులు ఇప్పుడు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోతారు.

ఇప్పుడు మా పల్లెలో కొనలేనిది ఏదీ లేదు. వరుస దీపాలు, జనరేటరు, సౌండు బాక్సులు, వంటవాళ్ళు, షామియానా, అన్నీ ఒక్క ఫోనుతో వస్తాయి. గొర్రెలు థర్మకోలువి. చందా నేనూ ఇస్తాను. ఆడవాళ్ళు ఇరవై నాలుగు రాత్రంతా పొయ్యి ముందర కూర్చోనక్కరలేకుండా పోయింది, అందుకు నాకు సంతోషమే. పిల్లలు బెంగళూరు నుంచి రాత్రి బస్సుకు వచ్చి, ఇరవై ఐదు సాయంత్రం తిరిగి పోతారు. వాళ్ళకు చుక్క కట్టే తీరిక ఎక్కడిది?

చుక్క అంటే ఇంకొకటి. ఆ కాలంలో చుక్క గుడికి ఒక్కటే. ఇప్పుడు ఇంటింటికీ అంగడి నక్షత్రం. కాని కొన్ని ఇండ్లకు ఉండదు. పేదరికం వల్ల కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరణ వచ్చింది. మాకు రాలేదు. మన రాష్ట్రంలో మమ్మల్ని బి.సి. 'సి' గ్రూపులో వేస్తారు. బడిలో చేరినప్పుడు ఏ పేరు రాయించినారో, గుడిలో ఏ పేరు పిలుస్తారో అని రెండు లెక్కలు పెట్టుకుని బతికే కుటుంబాలు ఉన్నాయి. వంక గట్టు మీద మా పెద్ద ఆగిపోయినట్టు వాళ్ళు వాకిట్లోనే ఆగిపోతారు. చుక్క కట్టకపోయినా తెల్లవారుజామున గుడిలో ముందు వరుసలో ఉండేది వాళ్ళే. ఈ సభలో అడ్మిషన్ రిజిస్టర్లు రాసిన గురువులు ఉన్నారు. వారికి నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

పోయిన సంవత్సరం పాటల గుంపు వ్యానులో పోయింది. పైన రెండు బాక్సులు. ఊరి వీధిలో పది నిమిషాల్లో తిరిగి వచ్చేసింది. ఏ వాకిట్లోనూ ఆగలేదు. ఊళ్ళో ఒకరెవరో శబ్దం ఎక్కువయిందని అన్నారు. వ్యానులో కుర్రవాడు ఒక మాట అన్నాడు. మాటకు మాట పెరిగింది. సర్దిచెప్పడానికి పోయి చూస్తే, వ్యానులో పిల్లలకు ఆ ఇంటాయన పేరు తెలియదు, ఆయనకు వీళ్ళు ఎవరి పిల్లలో తెలియదు. ఆయన గిలక ఇచ్చిన రైతు కొడుకు. మూడు దినాలు పట్టింది చల్లబడడానికి. ఆ మూడు దినాల్లోనే కాపరి మనవడు నాకు బజారులో ఎదురుపడి, "ఏమన్నా, ఈసారీ గొర్రెలు అక్కరలేకపోయెనా?" అని అడిగినాడు. ప్రతి సంవత్సరం నాలుగింటిని వేరుగా కట్టి ఉంచుతాడంట. ఎవరూ అడగలేదు కాబట్టి ఇంటికే తోలుకుపోయినాడంట.

అందుకని ఈసారి మేము కొందరం ఒక పని అనుకున్నాము. బాక్సులు గుడి దగ్గర ఉంటాయి, పిల్లల డాన్సులకు అవి కావాల. పాటల గుంపు మాత్రం నడిచి పోతుంది. ఊరి వీధిలో పిలిచిన వాకిట్లో ఆగుతుంది. కిరీటం దుర్యోధనుడి మనవడి దగ్గర ఉంది. ఆయన ఇప్పుడు వేషం వెయ్యడు, టమోటా మండీలో ఉంటాడు. వచ్చి కట్టి పోతానన్నాడు. పాత మెట్టు తెలిసిన అవ్వలు మా పల్లెలో ఇద్దరే మిగిలినారు. ఇద్దరి పాటా ఫోనులో ఎక్కించినాను. ఒక పాట మూడో చరణం దగ్గర ఇద్దరికీ పొసగడం లేదు, ఒకరిది తప్పని ఇంకొకరు. ఊరి భజన గుంపులో పాతవాళ్ళు ఎవరైనా ఆ మెట్టు విని తీర్పు చెప్పాల.

సైన్సు గదిలో పెట్రోమాక్స్ ఒకటి ఇంకా ఉంది. ఇప్పటి హెడ్మాస్టరు గారు ఇస్తామన్నారు, రాతమూలకంగా అడగమన్నారు. దరఖాస్తు మా అన్న మనవరాలు రాసింది, తొమ్మిదో తరగతి. పంపు వాషరు నేను మార్చినాను. గాజు పగిలి ఉంది, మదనపల్లెలో వెతికిస్తున్నాను. మేంటిళ్ళు మాత్రం పుంగనూరులో ఏ అంగట్లోనూ దొరకలేదు. మీలో ఎవరింట్లోనైనా పాత పెట్టె అడుగున ఒకటో రెండో మిగిలి ఉంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి. 24 సాయంత్రం లోపల కావాల. గొర్రెలు దొరికినాయి.